క్లాంపుల లెక్క

షట్‌డౌన్ మొదలయ్యే రోజు ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో స్కాఫోల్డింగ్ యార్డ్ గేటు తెరిస్తే ఏమవుతుందో చూసినవాళ్ళకే తెలుసు. ప్లాంట్ ఆపి రిపేర్లు చేసే ఆ ముప్పై రోజుల కోసం, ఎత్తున నిలబడి పనిచేసే పైపుల మంచెలు కట్టడానికి పది పన్నెండు గ్యాంగులు ఒక్కసారే సామానుకి వస్తాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పొడుగు పైపుల మీద పడతారు. ఆరు మీటర్ల పైపు భుజానికెక్కితే పని సగం అయిపోయినట్టే ఉంటుంది మరి. ముత్యం మాత్రం తన మనుషులను వెంటబెట్టుకుని యార్డ్ వెనక మూలకు నడుస్తాడు. అక్కడ డ్రమ్ముల్లో క్లాంపులుంటాయి. పైపును పైపుకు పట్టి బిగించేవి. వాటిలో ఎటంటే అటు తిరిగే క్లాంపులు కొన్నే ఉంటాయి. అవి బండికెక్కాకే అతను పైపుల వైపు చూస్తాడు.

"పైపులు యాడికి పోతయిరా, గుట్టలు గుట్టలున్నయి. మూడొద్దులైనంక సూడుండ్రి, క్లాంపులకు మన కాడికే ఒస్తరు," అంటాడు.

మూడో రోజుకల్లా వస్తారు. పైపులు ఆకాశానికి నిలబెట్టుకుని, అడ్డం కట్టడానికి దిక్కులేక, "ముత్యం భాయ్, క్లాంప్ మాఫీ" అని, క్లాంపుల్లేవని వచ్చిన అరబ్బీ మాటలో చెప్పుకుని దిగాలుగా నిలబడతారు. అతను లేదనకుండా కొన్ని ఇస్తాడు, ఒక మాటా అనడు. మంచె మీద పరిచే బోర్డు నోటిమాటతో పైకెక్కదని అతని నమ్మకం.

ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. జగిత్యాల పక్క పల్లె నుంచి ఇరవై ఆరేళ్ళ వయసులో హెల్పర్‌గా వచ్చాడు. పదో తరగతి తప్పినవాడు. అన్నం తినే గంటలో సూపర్‌వైజర్ పక్కన పడేసిన డ్రాయింగులు చూసి చూసి, ఏ గీత ఏ పైపో పట్టుకున్నాడు. ఇప్పుడు నలభై మూడేళ్ళు. ఇరవై మంది గ్యాంగుకు ఫోర్‌మన్. అతను కట్టిన స్కాఫోల్డ్ కింద ఇన్‌స్పెక్టర్ రెండు నిమిషాలకు మించి నిలబడడు, ఎక్కొచ్చని పచ్చ ట్యాగ్ తగిలించి పోతాడు.

అంత పని తెలిసినవాడికి తెలియని పని ఒకటి ఉండేది. సొంత బిడ్డతో ఫోన్లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

సుహాసిని పుట్టినప్పుడు అతను ఖతర్‌లోనే ఉన్నాడు. ఆమెకిప్పుడు పద్నాలుగేళ్ళు. సెలవుల మీద పోయి ఆమెను చూసిన రోజులన్నీ పోగేస్తే ఏడాదిన్నర కూడా కాదు. గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆదివారం ఆదివారం స్కూలు ఫోన్లో పది నిమిషాలు మాట్లాడనిస్తారు. అక్కడ మధ్యాహ్నం రెండయితే ఇక్కడ పదకొండున్నర. ఎండాకాలం ఆ వేళకు బయట పని బంద్ ఉంటుంది కాబట్టి ముత్యం ఏసీ షెడ్డులో ఓ మూల కూర్చుని ఫోన్ కోసం కాచుకునేవాడు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"ఏం కూర?"

"పప్పు."

"మంచిగ సదువుతున్నవా?"

"ఆ."

మూడు నిమిషాలకే మాటలు అయిపోయేవి. మిగిలిన ఏడు నిమిషాలు ఆమె వెనక వరుసలో నిలబడ్డ పిల్లకు పోయేవి. ఫోన్ పెట్టేశాక ముత్యం చాలాసేపు దాని వంకే చూసేవాడు, బోల్టు ఎక్కడ వదులైందో వెతికినట్టు.

నిరుడు సుహాసిని స్కూల్లో ఫుట్‌బాల్ జట్టులో చేరింది. సరిగ్గా అప్పుడే ప్లానింగ్ ఆఫీసులో పనిచేసే ఎడ్వర్డ్ ఒక మనిషి కోసం వెతుకుతున్నాడు. ఎడ్వర్డ్‌ది అమలాపురం. భార్య డయానాతో ఐన్ ఖాలిద్‌లో ఫ్లాట్‌లో ఉంటాడు. ఏటా ఆగస్టులో వాళ్ళింట్లో ఎనిమిది మంది కూడి ఒక ఆట మొదలుపెడతారు. ఇంగ్లండు లీగులో నిజంగా ఆడే ఆటగాళ్ళను వంతులవారీగా ఏరుకుని, ఎవరి కాగితం మీద వాళ్ళు జట్టు కట్టుకుంటారు. ఒకరు ఏరుకున్నవాడు ఇంకొకరికి దొరకడు. ఒక్కో జట్టుకు పదిహేను మంది: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఆ ఆటగాళ్ళు అక్కడ మైదానంలో గోల్ కొట్టినా, ఆపినా ఇక్కడ వీళ్ళకు పాయింట్లు. డబ్బుల పందెం లేదు. ఏడాది చివర ఆఖరున ఉన్నవాడు డయానా వంటింట్లో గిన్నెలు కడగాలి, అంతే.

"ఒక మనిషి తక్కువయ్యాడండి ముత్యం గారూ, మీరు రండి," అన్నాడు ఎడ్వర్డ్.

"నాకు బంతాట తెల్వదు సార్."

"మాకు మాత్రం ఏం తెలుసండీ."

బిడ్డతో చెప్పడానికి ఒక మాట దొరుకుతుందని ముత్యం ఒప్పుకున్నాడు. మొదటి ఏడాది నలుగురూ ఏరుకున్న దారిలోనే పెద్ద పెద్ద పేర్లు ఏరి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. గిన్నెలు అంత తళతళలాడేలా కడిగినవాళ్ళు ఇంకెవరూ లేరని డయానా ఇప్పటికీ చెబుతుంది.

ఆ గిన్నెలు కడుగుతున్నప్పుడే అతనికి తట్టింది, ఇది యార్డే కదా అని. మర్నాడు వాడిపడేసిన మెటీరియల్ లిస్టు వెనక లెక్క వేశాడు. లీగులో జట్లు ఇరవై. ఒక్కో జట్టు ముందర నిలబెట్టే ఫార్వర్డ్ దాదాపుగా ఒక్కడే. అంటే ఆడే ఫార్వర్డ్‌లు ఇరవై మంది. ఎనిమిది మందికి మూడేసి చొప్పున కావలసింది ఇరవై నలుగురు. చాలరు. గోల్‌కీపర్లూ ఇరవై మందే కానీ కావలసింది పదహారు. పైగా మంచి కీపర్‌కూ మామూలు కీపర్‌కూ ఏడాది తిరిగేసరికి పెద్ద తేడా కనిపించలేదు. మిడ్‌ఫీల్డర్లయితే పైపులు, గుట్టలు గుట్టలు. కాబట్టి ఫార్వర్డ్‌లు క్లాంపులు. వాళ్ళను ముందు పట్టాలి. కీపర్‌ను ఆఖరున తీసుకున్నా నష్టం లేదు.

ఈ సంగతి సుహాసినికి చెబితే ఆమె అడ్డం ప్రశ్నలు వేసింది. క్లాంపు అంటే ఏంది, తిరిగే క్లాంపు ఎందుకు తక్కువుంటది, మరి అందరికి గీ లెక్క తెలిస్తే నువ్వేం జేస్తవ్ అని అడిగింది. పది నిమిషాలు చాలలేదు. వెనక పిల్ల "అక్కా, అయిపోయింది" అని గొణగడం ముత్యానికి వినిపించింది. అంత కమ్మని గొణుగుడు అతను ఎన్నడూ వినలేదు. అతని తల్లి ఎల్లవ్వ మాత్రం ఊరంతా "నా కొడుకు దుబాయ్‌ల బంతాట ఆడ్తుండట, గీ వయసుల" అని చెప్పుకుంది.

ఈసారి ఏరుకునే రోజు ఆగస్టులో ఒక శుక్రవారం పడింది. ఆ ముందు ఆదివారం సుహాసిని గొంతు వేరుగా ఉంది.

"బాపు, జిల్లా సెలక్షన్ ఉన్నది పదిహేనొద్దులకు. నేను పోను."

"ఎందుకు బిడ్డా? గోల్ కాడ మంచిగ ఆడ్తవని సార్ జెప్పిండన్నవ్ గదా."

"నన్ను గోల్ కాడ ఎందుకు నిలబెట్టిన్రో తెలుసా? మొదటినాడు ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కల పేరు పిలుస్తుంటే అందరు పోయిన్రు, నేను ఒక్కదాన్ని మిగిలిన. మిగిలినదాన్ని గోల్ కాడ నిలబడుమన్నరు. గప్పటిసంది ఆడ్నే ఉన్న."

"నేను గ్లవ్స్ పంపుత బిడ్డా, మంచియి."

"నాకొద్దు." మళ్ళీ తనే అడిగింది: "మీ ఆటల గోల్‌కీపర్‌ని ఎన్నడు తీస్కుంటరు?"

ముత్యం పని విషయంలో అబద్ధం చెప్పి ఎరగడు. అడిగింది లెక్క, చెప్పాల్సింది లెక్క అనుకున్నాడు.

"ఆఖరికి తీస్కుంటం."

 "ఆడ గూడ గంతేనా," అన్న మాట, ఆ వెంటే ఫోన్ పెట్టేసిన చప్పుడు. ముత్యం గడియారం చూశాడు. ఇంకా ఆరు నిమిషాలు ఉన్నాయి.

ఆ వారమంతా అతని చేతులు పనిలో ఉన్నాయి కానీ మనసు లేదు. బుధవారం ఒక బోర్డుకు తాడు కట్టడం మరిచిపోయాడు. అతని గ్యాంగులోనే పనిచేసే, ఎడ్వర్డ్ ఆటలోనూ ఉన్న నగేష్ అది చూసి కట్టేసి, పైనుంచి అరిచాడు: "ముత్యమన్నా, ఏమైంది నీకు? శుక్రారం మల్ల ఏరుకునుడు అనంగనే గిన్నెలు యాదికొస్తున్నయా?"

శుక్రవారం మధ్యాహ్నం ఎడ్వర్డ్, డయానా చర్చి నుంచి వచ్చేసరికి నలుగురు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. డయానా కోడిపలావు వండింది. హాల్లో గోడకు పెద్ద కాగితం అంటించి ఉంది. దాని మీద ఎనిమిది గళ్ళు, ఎనిమిది పేర్లు, ఎడ్వర్డ్ ఆఫీసు రాత. చీటీలు తీస్తే ముత్యానికి మూడో వంతు వచ్చింది. నగేష్‌కు నాలుగు. స్టోర్‌కీపర్ అబ్దుల్ ఖాదర్‌కు ఒకటి. అతను మలబారు మనిషి. ఫుట్‌బాల్ అతనికి వెన్నతో పెట్టిన విద్య, అందుకని అందరూ అతన్నే భయంగా చూశారు.

ఆటగాళ్ళ అసలు పేర్లు వీళ్ళ నోటికి తిరగవు. అందుకని క్యాంపులో పెట్టుకున్న పేర్లతోనే నడిపిస్తారు. పొడుగు కాళ్ళ ఫార్వర్డ్ ఒకడు నిచ్చెన. గోల్ దగ్గర గోడలా నిలబడేవాడు గొళ్ళెం. అబ్దుల్ ఖాదర్ మొదటి వంతులో ఓ ఫార్వర్డ్‌ను తీసుకున్నాడు. రెండోవాడు ఓ పెద్ద పేరు మిడ్‌ఫీల్డర్‌ను పట్టాడు. నిచ్చెన ఇంకా ఉన్నాడు.

"ముత్యం గారూ, నిమిషమున్నర టైమండి," అన్నాడు ఎడ్వర్డ్ ఫోన్లో గడియారం చూపిస్తూ.

ముత్యం జేబులో మెటీరియల్ లిస్టు ఉంది. మొదటి వరసలో నిచ్చెన అనే ఉంది. పదిహేడేళ్ళు యార్డ్ తిరిగిన కాళ్ళు వెనక మూలకు లాగినట్టు, అతని నాలుక ఆ పేరు మీదకే లాగింది. తప్పని తెలిసి తప్పు పని చేయడం అతనికి చేతకాదు. కాగితం మీద ఆటే కదా అని సరిపెట్టుకోవడమూ చేతకాదు. కానీ ఒక పిల్ల, అందరూ పోయాక గడ్డిలో ఒక్కతే నిలబడి, ఎవరైనా పిలుస్తారేమోనని అటూ ఇటూ చూడటం అతని కళ్ళలోంచి పోవడం లేదు. ఈ ఒక్కసారి ఎక్కడో ఒకచోట ఆ పేరు మొదటే పిలవాలి అనిపించింది.

"గొళ్ళెం," అన్నాడు.

పలావు తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"క్యా భాయ్," అన్నాడు అబ్దుల్ ఖాదర్, నిజంగా బాధపడుతూ. "గోల్‌కీపర్? అభీ?"

"రాయాలాండీ?" ఎడ్వర్డ్ పెన్ను పట్టుకుని అడిగాడు. "ఒకసారి రాస్తే కొట్టెయ్యడం ఉండదు."

"రాయిండ్రి సార్."

"నిచ్చెన నాది," అన్నాడు నగేష్ వెంటనే, నోట్లో ముద్ద మింగకుండానే. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత. డయానమ్మా, గిన్నెల పీచు కొత్తది తెప్పియ్యుండ్రి. మనిషి దొరికిండు."

"పోనీలెండి అన్నయ్య గారూ," అంది డయానా ముత్యం పళ్ళెంలో ఇంకో గరిటె పలావు వేస్తూ. "ఏదో ఉండే ఉంటుంది."

ముత్యం జేబులోంచి లిస్టు తీశాడు. దాని మీద అతని పెన్సిల్ కదులుతోంది. ఎనిమిదో వంతు దాకా పోయి అక్కడి నుంచి వెనక్కి తిరిగే పద్ధతి కాబట్టి, అతనికి మళ్ళీ పద్నాలుగో పేరు పిలిచే వంతు వస్తుంది. ఈలోగా పది మంది పోతారు. పోయినవాళ్ళను కొట్టేస్తూ చూశాడు. ఆ పదిమందిలో ఏడుగురు మిడ్‌ఫీల్డర్లే, అందరూ పెద్ద పేర్లు. పైపుల మీద పడ్డారు. పద్నాలుగో వంతుకు ఒక ఫార్వర్డ్‌ను తీసుకున్నాడు. పంతొమ్మిదికి ఇంకొకడిని. ముప్పైకి మూడోవాణ్ణి తీసుకునేసరికి అబ్దుల్ ఖాదర్ పలావు పళ్ళెం పక్కకు పెట్టి గోడ మీది కాగితం దగ్గరికి పోయి నిలబడ్డాడు. మిగిలిన ఫార్వర్డ్‌లను వేలితో లెక్కపెట్టుకున్నాడు. ముత్యం వైపు తిరిగి తల పంకించాడు. పని తెలిసినవాడు పని తెలిసినవాడికి ఇచ్చే మర్యాద అది.

ఆదివారం పదకొండున్నర అయింది. ఫోన్ రాలేదు. పదకొండు నలభై అయింది. షెడ్డులో మనుషులు బెంచీల మీద నడుం వాల్చారు. నగేష్ ముఖం మీద టోపీ వేసుకుని పడుకున్నాడు కానీ నిద్రపోలేదు, అప్పుడప్పుడు టోపీ కింది నుంచి చూస్తున్నాడు. పదకొండు యాభైకి ఫోన్ మోగింది. స్కూలు నంబరు కాదు, భార్య శోభది. రెండో ఆదివారం తల్లిదండ్రులను రానిస్తారు కాబట్టి బిడ్డను చూడటానికి పోయింది.

"నీ బిడ్డ పొద్దటిసంది నాతోని గూడ సరిగ మాట్లాడుతలేదు. నువ్వే అడుగు," అని ఫోన్ ఇచ్చేసింది.

 తర్వాత సుహాసిని గొంతు.

"ఎవల్ని దీస్కున్నవ్ మొదలు?"

"గొళ్ళెంను."

"గోల్‌కీపర్‌నా? మొదటి వంతుకే?"

"ఆ."

"నిచ్చెన లేడా?"

"ఉండె. నా ఎనక నగేష్ దీస్కున్నడు."

 ముత్యం ఫోన్ను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"బాపు, నీకేమన్న పిచ్చా? ఎవలన్న నిచ్చెనను ఇడిసి గోల్‌కీపర్‌ని తీస్కుంటరా? నువ్వే జెప్పినవ్ గదా, గోల్‌కీపర్లు ఇరవై మంది, మీకు కావాల్సింది పదహారు అని."

"జెప్పిన."

"మరి? నా కోసం తీస్కున్నవా?"

కాదని చెప్పొచ్చు. లెక్క మార్చిన అనొచ్చు. "ఆ, నీ కోసమే," అన్నాడు.

ఆమె నవ్వింది. ముక్కులోంచి, ఆపుకోలేక వచ్చిన నవ్వు. అది ఏడుపులోకి జారి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. పక్కన శోభ "ఏమైందే?" అనడం వినబడింది.

"గట్ల జేయకు బాపు. లెక్క తప్పుతది. ఎవలన్న నన్ను గూడ గట్ల పాపమని తీస్కుంటే నాకు నచ్చది." ముక్కు చీదుకుంది. "తర్వాత ఎవల్ని తీస్కున్నవ్?"

అతను పద్నాలుగు, పంతొమ్మిది, ముప్పై చెప్పాడు. ఒక్కో పేరుకూ ఆమె "ఆ" అంది. మూడో పేరుకు "మంచిగున్నడు" అంది.

"మరి గిన్నెలు కడుగుడు తప్పుతదా?"

"తప్పుతదనే అనుకుంటున్న."

"సరె. నేనొక లెక్క జేసిన బాపు, ఇను," అంది. గొంతు తగ్గించింది, పక్కవాళ్ళకు వినబడకూడదన్నట్టు. "సార్ కాడ సెలక్షన్ లిస్టు సూసిన. ముందర ఆడెటోళ్ళు నలభై ఒక్కమంది ఒస్తున్నరు. తీస్కునేది నలుగురిని. గోల్‌కీపర్లు మొత్తం జిల్లాకెళ్ళి ఐదుగురే. ఇద్దర్ని తీస్కుంటరు. మా స్కూల్ల నన్ను ఇడిసిపెట్టి పిలిపిచ్చుకున్నోళ్ళందరు ఆ నలభై ఒక్కమందిలనే ఉన్నరు." కొంచెం ఆగింది. "అందరు పైపుల మీద్నే పడ్డరు బాపు."

 ముత్యం కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాడు. ఏ ఫోర్‌మన్‌కూ తను ఇన్నేళ్ళలో చెప్పకుండా దాచుకున్న లెక్క, పది నిమిషాల ఫోన్లలో ఆమెకు అందిపోయింది.

"అయితే పోతవా?" అన్నాడు.

"పోత. కని ఐదుగురిల ఇద్దరిల ఉండాలె గదా, ఊకెనే తీస్కోరు. నాకు ఎడమ దిక్కు దుంకుడు సరిగ ఒస్తలేదు."

"నాకు దుంకుడు తెల్వది బిడ్డా. గ్లవ్స్ సంగతైతే తెలుసు. అరచెయ్యి కాడ పట్టుండాలె, ఏళ్ళ కొసల కాడ ఇంత జాగ ఉండాలె. బిగుతుగుంటే పట్టు దొరకది, వదులుంటే జారుతది. నీ చెయ్యి కొలత కావాలె."

"కొలత పంపుత," అంది సుహాసిని.

సాయంత్రం శోభ ఫోన్ నుంచి బొమ్మ వచ్చింది. గీతల నోటుబుక్కు పేజీ మీద కుడి చేయి పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసింది. పక్కనే స్కేలు ఆనించి సెంటీమీటర్లు గుర్తులు పెట్టింది. మణికట్టు నుంచి నడిమివేలి కొస దాకా ఒక బాణం గీసి, పదిహేడున్నర అని రాసింది. ఎవరూ చెప్పకుండానే డ్రాయింగుకు కొలత వేసింది. ముత్యం ఆ బొమ్మను పెద్దది చేసి, చిన్నది చేసి చాలాసార్లు చూశాడు. పోయినసారి సెలవు మీద పోయినప్పుడు రోడ్డు దాటేటప్పుడు ఆ చేయి పట్టుకోబోతే, పెద్దదాన్నయిన అని విడిపించుకుంది.

ముత్యం పక్క ఊరివాడే అయిన నగేష్ గురువారం సెలవు మీద పోతున్నాడు, గ్లవ్స్ అతని చేతే పంపాలి. అంటే చేతిలో మూడు రోజులే. మంగళవారం డ్యూటీ దిగాక ముత్యం ఒక అట్టపెట్టె చింపి, టేపుతో కొలిచి, ఆ చేతిని ఉన్నంత కొలతకు అట్ట మీద గీసి కత్తిరించాడు. బుధవారం సాయంత్రం ఎడ్వర్డ్ కారులో అల్ అజీజియా వెళ్ళి ఆటసామాన్ల షాపులో దిగాడు. ఎడ్వర్డ్ ఏడో నంబరు గ్లవ్స్ తీసిచ్చి "ఆడపిల్లలకి ఇదే సరిపోద్దండీ" అన్నాడు. ముత్యం వినిపించుకోలేదు. వరుసలో ఉన్న ప్రతి జతనూ దించి, అట్ట చేతిని లోపలికి దూర్చి, వేళ్ళ కొసల దగ్గర పైనుంచి నొక్కి చూశాడు. కుట్లు తిప్పి చూశాడు. మణికట్టు పట్టీని పదిసార్లు అంటించి ఊడదీశాడు. షాపులో ఉన్న ఫిలిప్పీన్స్ ఆమె మొదట నవ్వింది, తర్వాత తనే గోదాములోకి పోయి ఇంకో నాలుగు జతలు తెచ్చింది. ఏడు చిన్నదైంది. ఎనిమిదో నంబరు సరిపోయింది, వేళ్ళ కొసల దగ్గర ఇంత జాగా మిగిలి.

"పెద్ద చెయ్యేనండి," అన్నాడు ఎడ్వర్డ్.

"పెద్దదే," అన్నాడు ముత్యం.

గురువారం పొద్దున బస్సు దగ్గర నగేష్ గ్లవ్స్ తీసుకుని బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు. "నిచ్చెనను నాకిచ్చి మోత కూలి నా నెత్తిన పెట్టినవ్ అన్నా," అన్నాడు.

"నలగనియ్యకు. పైన ఏం పెట్టకు."

"పెట్టను తియ్. సెలక్షన్‌నాడు పోరిని నేనే తీస్కపోత, నా బిడ్డ అసుంటిది కాదా. యల్లా, బయల్దేరుత ఇగ, ఒస్త."

బస్సు కదిలింది. ముత్యం చొక్కా జేబు తడుముకున్నాడు. అట్ట చేయి అందులోనే ఉంది. పారేద్దామని తీసి, చూసి, మెటీరియల్ లిస్టుకు మధ్యలో మడత పడకుండా పెట్టుకుని డ్యూటీకి నడిచాడు.